మీటరుకు కనపడని కరెంటు

ఊరి చివర రైస్‌మిల్లుకూ, దాని వెనక పొలంలోని బోరుకూ కరెంటు వచ్చేది ఒకే సబ్‌స్టేషన్ నుంచి. రెండు చోట్లా తిరిగేది ఇండక్షన్ మోటారే. మిల్లులో గోడ పక్కన బీరువా అంత ప్యానెల్ ఒకటి నిలబడి ఉంటుంది. మోటార్లు ఎక్కినప్పుడల్లా అందులో కాంటాక్టర్లు టక్కుమంటూ పడతాయి, తలుపు మీది చిన్న తెరలో 0.98, 0.99 అని అంకెలు మారుతుంటాయి. బోరు దగ్గరకెళ్లి స్టార్టర్ డబ్బా తెరిచి చూడండి. కెపాసిటర్ ఉండాల్సిన చోట టేపు చుట్టిన మూడు వైర్ల ముక్కలు వేలాడుతుంటాయి. లేదంటే ఎప్పుడో ఉబ్బి చచ్చిపోయిన డబ్బా ఒకటి కనెక్షన్‌తో సహా అలాగే ఉంటుంది. మిల్లు యజమానికి తెలివి ఎక్కువా, రైతుకు తక్కువా అంటే అదేం కాదు. మిల్లుకు బిల్లు వస్తుంది, బోరుకు రాదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పడింది. తర్వాతి టారిఫ్ ఉత్తర్వుల్లో దానికి కొన్ని షరతులు జతయ్యాయి. ఐఎస్ఐ మార్కు పంపుసెట్, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, మోటారుకు తగిన కెపాసిటర్ ఉండాలన్నారు. నాలుగూ మంచి షరతులే. మొదటి మూడింటి ఫలితం రైతుకు నీళ్ల రూపంలో కనిపిస్తుంది. నాలుగోది అలా కనిపించేది కాదు. అందుకే అది కాగితం మీదే మిగిలిపోయింది. రాష్ట్రం రెండై దశాబ్దం దాటింది, వ్యవసాయ కనెక్షన్లు రెండు చోట్లా కలిపి నలభై లక్షలు మించాయి, కెపాసిటర్ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంతకీ ఆ డబ్బా చేసే పనేమిటి? మోటారు తిరగాలంటే అందులో అయస్కాంత క్షేత్రం ఉండాలి. ఏసీ కరెంటులో ఆ క్షేత్రం ప్రతి ఫేజ్ చుట్టలోనూ సెకనుకు 100 సార్లు పుట్టి 100 సార్లు అణిగిపోతుంది. పుట్టేటప్పుడు లైను నుంచి శక్తిని తీసుకుంటుంది, అణిగేటప్పుడు తిరిగి లైనులోకే వదిలేస్తుంది. నికరంగా వాడుకున్నది సున్నా కాబట్టి యూనిట్లు లెక్కపెట్టే మీటరుకు ఈ రాకపోకలు పట్టవు. తీగకు మాత్రం వెళ్లే కరెంటైనా వచ్చే కరెంటైనా ఒకటే, రెండింటికీ వేడెక్కుతుంది. ఇది చేబదులు లాంటిది. తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగి ఇచ్చేస్తారు, కానీ ఆ చేబదులు కోసం సెకనుకు వందసార్లు పట్నం దాకా పోయి రావడమంటే దారి అరిగిపోతుంది. పక్కింట్లోనే చేబదులు దొరికేలా చేసేది కెపాసిటర్. మోటారు అడిగే క్షణంలో అది ఇస్తుంది, మోటారు వదిలే క్షణంలో అది తీసుకుంటుంది. ఈ రాకపోకల కరెంటుకు ఇంజనీర్లు పెట్టిన పేరు రియాక్టివ్ పవర్. లైను మోసే మొత్తం భారంలో నిజంగా పనికొచ్చే వాటా ఎంతో చెప్పే అంకె పవర్ ఫ్యాక్టర్.

లెక్క చూద్దాం. 5 హెచ్‌పీ పంపుసెట్ ఒకటి లైను నుంచి 4.5 కిలోవాట్లు తీసుకుంటూ 0.75 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తోందనుకుందాం. లైను మీద భారం 6 కేవీఏ. 415 వోల్టుల దగ్గర ఫేజుకు 8.3 ఆంపియర్లు. దానికి 2 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్‌ను కొలిచే ప్రమాణం ఇది) కెపాసిటర్ తగిలిస్తే భారం 4.9 కేవీఏకి దిగుతుంది, కరెంటు 6.8 ఆంపియర్లవుతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.92 దగ్గరకు చేరుతుంది. తగ్గింది ఒకటిన్నర ఆంపియరే కదా అనిపిస్తుంది. కానీ తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ ఒకటిన్నర ఆంపియర్‌తో ఈ మోటారు వల్ల లైనులో జరిగే నష్టం మూడో వంతు తగ్గిపోతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇలాంటి మోటార్లు నాలుగు ఎక్కితే అది నిండిపోతుంది. నాలుగింటికీ కెపాసిటర్లు పనిచేస్తుంటే ఐదో మోటారుకూ చోటుంటుంది. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే చందాలు వేసుకుని, దింపి, ట్రాక్టర్‌లో వేసుకుని రిపేరు షెడ్డుకు తోలుకుపోయే రైతులకు ఈ లెక్క విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కాలిపోవడానికీ కెపాసిటర్‌కూ సంబంధం ఉందన్న సంగతే వాళ్లదాకా చేరలేదు.

మిల్లుకు ఇదంతా ఎవరూ చెప్పలేదు, బిల్లే నేర్పింది. రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులకు కిలోవాట్ అవర్లలో కాక కేవీఏహెచ్‌లో బిల్లు వేస్తారు. పనికొచ్చిన కరెంటుకే కాదు, లైను మోసిన మొత్తం భారానికి డబ్బు కట్టాలన్నమాట. నెలకు 10,000 కిలోవాట్ అవర్లు వాడే పరిశ్రమ 0.80 పవర్ ఫ్యాక్టర్‌తో నడిస్తే బిల్లులో 12,500 యూనిట్లు పడతాయి. 0.98కి తెచ్చుకుంటే 10,204 పడతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా తేడా నెలకు 16 వేలు. దీనికి తోడు డిమాండ్ చార్జీలు కూడా కేవీఏ మీదే. అలాంటప్పుడు యజమాని ప్యానెల్ పెట్టించక ఏంచేస్తాడు? పెట్టించి ఊరుకోడు, నెలనెలా బిల్లులో పవర్ ఫ్యాక్టర్ గడి వెతుక్కుని మరీ చూసుకుంటాడు. జరిమానా, నోటీసు, తనిఖీ అనే మాటే లేకుండా విద్యుత్ నియంత్రణ మండలి సాధించిన అరుదైన విజయాల్లో ఇదొకటి.

ఇళ్లకు మాత్రం ఇప్పటికీ కిలోవాట్ అవర్లలోనే బిల్లు. ఈ తేడాను అడ్డం పెట్టుకుని ఒక వ్యాపారం నడుస్తోంది. ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు మూడోవంతు తగ్గుతుందంటూ ఆన్‌లైన్‌లో 'పవర్ సేవర్' డబ్బాలు అమ్ముతున్నారు. విప్పి చూస్తే లోపల ఉండేది చిన్న కెపాసిటరూ, వెలిగే ఎల్ఈడీ బల్బూ. కరెంటు కాస్త తగ్గినట్టు అమ్మేవాడు క్లాంప్ మీటరుతో చూపిస్తాడు, అది అబద్ధం కాదు. కానీ ఇంటి మీటరు లెక్కపెట్టేది ఆ కరెంటును కాదు. బిల్లు పైసా తగ్గదు. కొన్నవాళ్లు కొన్న డబ్బులు మర్చిపోయి బల్బు వెలుతురు చూసుకోవడమే.

మళ్లీ పొలానికి వద్దాం. మన పల్లెల్లో కెపాసిటర్ తెలియని వస్తువేమీ కాదు, 'కండెన్సర్' అంటే ఎవరైనా చెబుతారు. త్రీఫేజ్ సరఫరా ఆగి సింగిల్ ఫేజ్ మాత్రమే వచ్చే గంటల్లో కండెన్సర్లు పెట్టి త్రీఫేజ్ మోటారును లాగించిన రైతులు ఎందరో. మోటారుకు అది హాని, లైనుకు అంతకన్నా హాని. అయినా చేశారు, నీళ్లు వచ్చాయి కాబట్టి. మోటారు నడవడానికి కండెన్సర్ కావాలంటే కొనుక్కొస్తారు. నడుస్తున్న మోటారుకు ఇంకో కండెన్సర్ ఎందుకంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ రెండోది కాలిపోయినా మోటారు ఆగదు, నీళ్లు తగ్గవు, చప్పుడు కూడా మారదు. పనిచేయడం మానేసినట్టు తనంతట తాను చెప్పని పరికరాన్ని ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే.

చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. లైన్‌మన్ దగ్గరుండే టాంగ్ టెస్టర్ (క్లాంప్ మీటరు) చాలు. మోటారు నడుస్తుండగా కెపాసిటర్‌కు వెళ్లే ఒక్కో వైరుకూ తగిలిస్తే, 415 వోల్టుల దగ్గర 2 కేవీఏఆర్ డబ్బా 2.8 ఆంపియర్ల దాకా చూపాలి. రెండు కంటే తక్కువ చూపిస్తే సగం చచ్చినట్టు, ఒక ఫేజులో సున్నా అయితే లోపల తెగిపోయినట్టు. ఈ కెపాసిటర్లలో ఉండేది పల్చటి లోహపు పూత వేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్. వోల్టేజీ పోటుకు ఎక్కడైనా చిల్లి పడితే ఆ చుట్టూ ఉన్న పూత ఆవిరై చిల్లిని వేరు చేసేస్తుంది. తనను తాను బాగు చేసుకునే గుణం అది. కానీ బాగైన ప్రతిసారీ పూత కొంత పోతుంది, కెపాసిటీ కొంత తగ్గుతుంది. ఎండలో, రేకు డబ్బాలో, ఎగుడుదిగుడు వోల్టేజీలో నాలుగేళ్లు గడిచాక అది ఎంత మిగిలిందో టెస్టర్ పెడితే గానీ తెలియదు. ముట్టుకునే ముందు మాత్రం జాగ్రత్త. స్విచ్ ఆపాక కూడా దాంట్లో చార్జి నిలిచి ఉంటుంది. డిశ్చార్జి రెసిస్టర్ బాగుంటే మూడు నిమిషాల్లో దిగుతుంది. బాగుందో లేదో ఎవరు చూశారు కనుక?

దీంట్లో ఇంకో చిక్కుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. లైను చివర వోల్టేజీ 415 నుంచి 350కి పడిపోతే, 2 కేవీఏఆర్ అని రాసి ఉన్న డబ్బా ఇచ్చేది 1.4 మాత్రమే. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే అది సన్నగిల్లుతుంది. అందరి కెపాసిటర్లూ మొదటి రోజు నుంచీ ఉంటే వోల్టేజీ అంత పడదు. ఒక్కడు పెట్టుకుని మిగతావాళ్లు పెట్టుకోకపోతే ఆ ఒక్కడికి దక్కేది కొంచెమే, మిగతాది లైను మీదున్న అందరికీ పంచుకుపోతుంది. సొంత డబ్బు పెట్టి నేనెందుకు కొనాలని రైతు అనుకుంటే తప్పు పట్టడానికి లేదు. అసలు లాభం దక్కేది లైనుకూ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ, అంటే పంపిణీ సంస్థ డిస్కంకు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పారు. మోటార్లు రాత్రీపగలూ ఆగకుండా నడిస్తే భూగర్భజలాలు అడుగంటుతాయన్న భయమే ఆ ప్రచారానికి ముఖ్య కారణం. ఆటో స్టార్టర్ తీయించడానికి పడిన కష్టంలో పదో వంతు కెపాసిటర్ పెట్టించడానికి పడి ఉంటే బాగుండేది.

అయితే పెట్టించడం ఒక్కటే చాలదు, కొలవాలి. కొలత అనగానే మన రాష్ట్రాల్లో 'మోటార్లకు మీటర్లు' అన్న గొడవ లేస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా పెట్టిన మీటర్లు ఎన్నికల సభల దాకా వెళ్లాయి. తెలంగాణలో అప్పటి ప్రభుత్వం ససేమిరా అంది. మీటరు వస్తే ఆ వెనకే బిల్లు వస్తుందన్న రైతు భయం ఉత్తి పుకారు మీద పుట్టింది కాదు, అనుభవం మీద పుట్టింది. పవర్ ఫ్యాక్టర్ కోసమైతే ఆ గొడవలోకి దిగనవసరమే లేదు. కేంద్రం 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంలో ఫీడర్లకూ, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకూ సమాచారం పంపే మీటర్లు బిగించడం కూడా ఉంది. మన హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ డిస్ట్రిబ్యూషన్) లైన్లలో ఒక్కో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండేది మూడు నాలుగు పంపుసెట్లే. ట్రాన్స్‌ఫార్మర్ మీటరులో పవర్ ఫ్యాక్టర్ 0.90 నుంచి 0.78కి జారితే కింద రెండో మూడో కెపాసిటర్లు పోయాయని ఆఫీసులో కూర్చున్నవాడికి తెలుస్తుంది. జూనియర్ లైన్‌మన్ వెళ్లి నాలుగు డబ్బాలు తెరిచి టాంగ్ టెస్టర్ పెడితే ఏదో తేలుతుంది. రైతు పేరు మీద ఒక్క యూనిట్ లెక్కపెట్టే పని లేదు. ఈ మీటర్లను దొంగతనాలూ నష్టాలూ పట్టుకోవడానికే వాడి, రియాక్టివ్ గడిని ఎవరూ తెరవకపోతే అంత డబ్బు పెట్టి సగం పనే చేయించుకున్నట్టు.

కెపాసిటర్‌నే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టేస్తే తనిఖీ తేలిక కదా అని కొందరు ఇంజనీర్లు అంటారు. తేలికే, కానీ మోటార్లన్నీ ఆగినప్పుడు అది లైను మీదే ఉండిపోతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉన్నప్పుడు దానికి కావాల్సింది ఒక కేవీఏఆర్ కూడా ఉండదు. దానికి ఏడెనిమిది కేవీఏఆర్ తగిలిస్తే అర్ధరాత్రి వోల్టేజీ పైకెక్కుతుంది. మోటారు దగ్గర పెడితే మోటారుతోపాటే ఎక్కుతుంది, మోటారుతోపాటే దిగుతుంది, విడిగా స్విచ్ అక్కర్లేదు. పైగా మోటారు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న ఎల్‌టీ (లో టెన్షన్) తీగ కూడా బాగుపడుతుంది. కాబట్టి పెట్టాల్సింది మోటారు దగ్గరే, కాకపోతే అది డిస్కం ఆస్తిగా ఉండాలి. మీటరు డబ్బా, స్తంభం ఎలా డిస్కంవో అలాగే. కొనేది, బిగించేది, పోతే మార్చేది డిస్కమే కావాలి. ఖర్చు తగ్గిన నష్టాల్లోంచి వస్తుంది. రాకపోతే ఎందుకు రాలేదో ట్రాన్స్‌ఫార్మర్ మీటరే చెబుతుంది.

ఎంత పెట్టాలన్నదీ లెక్కే. మంచిదే కదా అని 5 హెచ్‌పీకి 5 కేవీఏఆర్ తగిలిస్తే స్విచ్ ఆపాక కూడా మోటారు కాసేపు జనరేటర్‌లా ప్రవర్తించి టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ పెంచేస్తుంది. మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే అయస్కాంత కరెంటులో 90 శాతాన్ని కెపాసిటర్ కరెంటు దాటకూడదన్న నియమం అందుకే. ఫ్యాక్టరీల్లోనూ ఇలాంటి పొరపాట్లకు కొదవలేదు. ఆటోమేటిక్ ప్యానెల్‌కు కరెంటు చూపే సీటీని (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని) తిరగేసి బిగిస్తే రిలే లెక్క తలకిందులవుతుంది, అవసరం లేనప్పుడు కెపాసిటర్లను ఎక్కిస్తుంది. డ్రైవులూ, యూపీఎస్‌లూ ఎక్కువున్నచోట హార్మోనిక్స్‌తో కెపాసిటర్లు శ్రుతి కలిసి పేలిపోతాయి, ముందు డీట్యూన్డ్ రియాక్టర్ పెట్టాలి. ప్యానెల్ కొన్న రోజు చూపిన అంకెను ఏడాది తర్వాత కూడా చూపుతుందని నమ్మేసినవాళ్లకు బిల్లే గుర్తు చేస్తుంది.

రియాక్టివ్ పవర్ పల్లె లైన్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలో కలిపి 5 కోట్ల మంది చీకట్లో పడ్డారు. ఆ మధ్యాహ్నం ఒహాయో రాష్ట్రంలో వోల్టేజీ నిలబెట్టడానికి ఈస్ట్‌లేక్ కేంద్రం నుంచి రియాక్టివ్ పవర్ ఇంకా ఇమ్మని ఒత్తిడి పెట్టారు. 1:31కి ఐదో యూనిట్ ట్రిప్ అయింది. అదే సమయంలో క్లీవ్‌లాండ్-ఆక్రన్ ప్రాంతంలో కొన్ని కెపాసిటర్ బ్యాంకులు మామూలు తనిఖీ కోసం ఆపి ఉన్నాయి. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12:33కి స్పెయిన్, పోర్చుగల్ కూలిపోయింది దీనికి సరిగ్గా విరుద్ధంగా. అక్కడ వోల్టేజీ పడిపోలేదు, పెరిగిపోయింది. సౌర, పవన కేంద్రాలు ఎక్కువ భాగం నిబంధన ప్రకారం స్థిర పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తున్నాయి. వోల్టేజీ ఎటు పోతున్నా వాటికి పట్టలేదు. పట్టించుకోవాల్సిన పాత కేంద్రాలు తగినంత రియాక్టివ్‌ను తీసుకోలేదు. ఆ ఏడాది జూన్‌లోనే అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన మార్చింది.

మన గ్రిడ్ కోడ్ ఈ విషయంలో చాలాకాలంగా స్పష్టంగానే ఉంది. వోల్టేజీ 97 శాతం కంటే తగ్గి ఉన్నప్పుడు రియాక్టివ్ లాగిన రాష్ట్రం డబ్బు కట్టాలి, ఇచ్చిన రాష్ట్రానికి డబ్బు వస్తుంది. 103 శాతం దాటితే లెక్క తిరగబడుతుంది. అవసరాన్ని బట్టి ధర అన్నమాట. శ్రీసత్యసాయి జిల్లా ఎన్‌పీ కుంటలో, సోలార్ పార్కు పక్కనే, 100 ఎంవీఏఆర్ ఇటూ అటూ ఇవ్వగల స్టాట్‌కామ్‌ను పవర్‌గ్రిడ్ పెట్టింది. 400 కేవీ దగ్గర ఇంత శ్రద్ధ ఉన్న వ్యవస్థలో 11 కేవీ కిందికి దిగగానే ఆ చూపు ఆగిపోతోంది.

ఇప్పుడు వ్యవసాయ ఫీడర్లకు సౌర విద్యుత్తు వస్తోంది కాబట్టి ఈ చూపు మరీ అవసరం. ఒక ఫీడర్ 1,000 కిలోవాట్లు, 750 కేవీఏఆర్ తీసుకుంటోందనుకుందాం. పవర్ ఫ్యాక్టర్ 0.80. దాని మీద సౌర కేంద్రం పెట్టి 700 కిలోవాట్లు అక్కడే పుట్టిస్తే గ్రిడ్ నుంచి రావాల్సింది 300 కిలోవాట్లే, కానీ కేవీఏఆర్ మాత్రం 750 అలాగే ఉంటుంది. సబ్‌స్టేషన్ మీటరు 0.37 చూపిస్తుంది. మోటార్లేమీ చెడిపోలేదు, లెక్కలోకి వచ్చే కిలోవాట్లు తగ్గాయంతే. పైకప్పు మీద సోలార్ పెట్టుకున్న కొన్ని పరిశ్రమలు బిల్లు చూసి కంగారుపడేది ఇందుకే. ఇలాంటి చోట పవర్ ఫ్యాక్టర్ అంకెను చూసి నిర్ణయాలు తీసుకోకూడదు, కేవీఏఆర్‌నే విడిగా చూడాలి.

మందు కూడా ఆ సౌర కేంద్రంలోనే ఉంది. ఇన్వర్టర్ కిలోవాట్లతోపాటు రియాక్టివ్ పవర్ కూడా ఇవ్వగలదు, కాస్త ఖాళీ సామర్థ్యం ఉండాలంతే. 700 కిలోవాట్ల కేంద్రానికి 770 కేవీఏ ఇన్వర్టర్ పెడితే నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కూడా 320 కేవీఏఆర్ వస్తుంది. ఉదయం, సాయంత్రం ఎండ పలచబడ్డప్పుడు ఇంకా ఎక్కువ. మోటార్లు నడిచేది పగటి పూటే అయితే ఇంతకన్నా కావాల్సిందేముంది? ఆ పది శాతం అదనపు సామర్థ్యం గురించి, వోల్టేజీని బట్టి రియాక్టివ్ మార్చాల్సిన బాధ్యత గురించి టెండర్ పత్రంలోనే రాయాలి. ఈ ఒప్పందాలు 25 ఏళ్లవి. సంతకాలయ్యాక అడిగితే డెవలపర్ కొత్త రేటు చెబుతాడు, డిస్కం దాన్ని మళ్లీ నియంత్రణ మండలి ముందుకు తీసుకెళ్తుంది, ఈలోగా రెండు వేసవులు గడిచిపోతాయి.